పూటకూళ్ల యింటినుంచి బస్టాండు హోటలు దాకా

చిన్న పట్నాల చరిత్ర రాసేవారు కోటల్నీ, గుళ్ళనీ, జమీందారుల వంశాలనీ వర్ణిస్తారు గాని, బస్టాండు పక్కనున్న కాఫీ హోటలును లెక్కలోకి తీసుకోరు. ముక్కూ మొహం తెలియనివాడి పక్కన కూర్చుని తినడమనే అలవాటు మన సంఘంలో చిన్న మార్పు కాదని నా అభిప్రాయం.

తెలుగు పాఠం చెప్పేవాణ్ణి కాబట్టి సాహిత్యంనుంచే మొదలుపెడతాను. తిండి అమ్మడం మనకు కొత్త కాదు. 'క్రీడాభిరామం'లో ఓరుగల్లు పూటకూళ్ల యింట ఒక్క రూకకు కమ్మని భోజనం దొరుకుతుంది. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కం'లో పూటకూళ్లమ్మ వున్నది. అయితే ఆ యిళ్ళలో రూకతోపాటు కులం కూడా చెల్లాలి. విస్తరి వేసేచోట, ఎవరి పంక్తిన ఎవరు కూర్చోవాలనే ప్రశ్న తప్పదు.

ఆ పంక్తిని చెదరగొట్టింది బస్సు. నైజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో సర్వీసు ప్రారంభించింది. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ 1958లో ఏర్పడింది. బస్సు ఆగిన కాస్సేపట్లో ఇడ్లీ తిని కాఫీ తాగవలసినవాడికి మడి చూసుకునే తీరిక లేదు. హోటలువాడికి కులం అడిగే తీరిక లేదు. సంతకు వచ్చిన రైతూ, కోర్టు గుమాస్తా, కాలేజీ విద్యార్థీ ఒకే బల్ల దగ్గర చేరారు. ఒకరు పేపరు చదివితే నలుగురు విన్నారు.

అంతమాత్రాన డబ్బే కులాన్ని పోగొట్టిందనడం పొరపాటు. పల్లెదారిలోని టీ కొట్టు దళితుడి అణాను గల్లాపెట్టెలో వేసుకున్నది. అతని గ్లాసును మాత్రం విడిగా పెట్టింది. తాగినవాడే దాన్ని కడిగి పెట్టాలి. వ్యాపారం కులంతో రాజీపడిందనడానికి రెండు గ్లాసుల పద్ధతి కంటే వేరే సాక్ష్యం అక్కర్లేదు.

అందుకే 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం, 15వ అధికరణంలో దుకాణాలనూ హోటళ్ళనూ పేరుపెట్టి చెప్పవలసివచ్చింది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఇంకా ముందుకుపోయి, హోటలులో అందరికోసం వుంచిన పాత్రల్ని అంటరానితనం పేరుతో వాడనివ్వకపోవడం కూడా నేరమన్నది. అయినా రెండో గ్లాసు చాలాకాలం బతికింది. కొన్నిచోట్ల దాని స్థానంలో తాగి పారేసే కప్పు వచ్చింది. ఎంగిలి కడిగే పని తప్పింది గాని, వివక్ష తప్పలేదు.

కాబట్టి మన విద్యార్థులు తమ వూరి చరిత్ర రాయదలిస్తే, మొదటి హోటలు ఎప్పుడు పెట్టారని అడిగి వూరుకోకూడదు. అందులో రెండో గ్లాసు ఎన్నాళ్ళున్నదో, దాన్ని ఎవరు, ఏ దెబ్బలకు ఓర్చుకుని తీయించారో కూడా అడగాలి.