తూర్పు తీరాన తపాలా పరుగు

ఆంధ్రదేశపు సముద్రతీర చరిత్ర సాధారణంగా ఓడలతో మొదలవుతుంది. మచిలీపట్నం, కోరంగి, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల వైభవమూ, డచ్చి, ఆంగ్ల, ఫ్రెంచి కంపెనీల వర్తక స్పర్ధలూ అందులో ప్రధానస్థానం ఆక్రమిస్తాయి. అదే తీరానికి సమాంతరంగా, కొండలకూ కడలికీ నడుమ, ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు వరకు సాగిన మరొక దారి ఉంది. రాజశాసనాలు, యుద్ధవార్తలు, వర్తకుల హుండీలు, సామాన్యుల క్షేమసమాచారాలు ఆ దారిన మనుషుల భుజాల మీద పరుగెత్తాయి. రేవుల చరిత్రకు లభించిన ఆదరణలో పదోవంతు కూడా ఆ పరుగుకు లభించలేదు.

పరుగు మీద వార్తలు పంపే ఏర్పాటు భారతదేశంలో ఆంగ్లేయులకంటే ఎంతో ప్రాచీనమైనది. 14వ శతాబ్దంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఉన్న మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా దానిని వివరంగా వర్ణించాడు. మైలుకు మూడుచోట్ల వార్తాహరులు సిద్ధంగా ఉండేవారు. ఒక చేత లేఖ, మరొక చేత గజ్జెలు కట్టిన రెండు మూరల కర్ర పట్టుకొని వార్తాహరుడు శక్తికొద్దీ పరుగెత్తేవాడు. ఆ గజ్జెల చప్పుడు దూరాన వినిపించగానే తరువాతివాడు లేచి నిలబడేవాడు. గుర్రాల మీద వెళ్ళే తపాలాకంటే కాలినడక తపాలాయే వేగవంతమైనదని ఇబ్న్ బతూతా పేర్కొన్నాడు. 17వ శతాబ్దం చివర మైసూరు పాలకుడు చిక్కదేవరాజ ఒడయరు తన రాజ్యంలో ఇటువంటి వ్యవస్థనే నెలకొల్పాడు. దాని పేరు 'అంచె'. కన్నడంలో నేటికీ తపాలాను అంచె అనే అంటారు.

తీరమార్గం ఏర్పడిన తీరు

మద్రాసు, కలకత్తా నగరాల మధ్య కంపెనీ ప్రభుత్వానికి సముద్రమార్గం ఉండగా భూమార్గం ఎందుకు అవసరమైంది? దీనికి సమాధానం గాలిలో ఉంది. నైరుతి ఋతుపవనాల కాలంలో మద్రాసు నుంచి బెంగాలుకు ఓడలు సులభంగా వెళ్ళేవి, తిరిగి రావడమే కష్టం. అక్టోబరు నుంచి ఈశాన్య ఋతుపవనాలు ఆరంభమయ్యాక కోరమాండల్ తీరంలో లంగరు వేయడమే ప్రమాదం. ఏడాదిలో చాలాకాలం ఉత్తరం చేరే దినాన్ని గాలి నిర్ణయించేది. పరుగెత్తే మనిషికి ఆ నిర్బంధం లేదు.

రాజకీయ పరిస్థితులు కూడా ఈ దారిని తీర్చిదిద్దాయి. 1759లో మచిలీపట్నం కోట ఫ్రెంచివారి చేజారింది. 1765లో షా ఆలం ఫర్మానా ద్వారా, 1766లో నిజాముతో ఒడంబడిక ద్వారా ఉత్తర సర్కారులు కంపెనీ ఏలుబడిలోకి వచ్చాయి. గుంటూరు సర్కారు 1788లో కలిసింది. అయినా ఉత్తరాన కటకం ప్రాంతం నాగపూరు భోంస్లేల అధీనంలోనే ఉండడం వల్ల కలకత్తా తపాలా పరరాజ్యం గుండా, వారి అనుమతితో రావలసివచ్చేది. 1781లో హైదరుపై యుద్ధానికి కర్నల్ పియర్స్ బెంగాలు సేనను మద్రాసుకు నడిపించినప్పుడు కూడా మరాఠాల సమ్మతి పొందవలసివచ్చింది. 1803లో కటకం ఆంగ్లేయుల వశమైన తరువాతనే తీరం పొడవునా ఒకే ప్రభుత్వపు దారి ఏర్పడింది.

మొదట్లో తపాలా పూర్తిగా సర్కారు అవసరాలకే పరిమితం. 1774లో వారన్ హేస్టింగ్స్ బెంగాలులో దానిని ప్రజలకు కూడా అందుబాటులోకి తెచ్చి, వంద మైళ్ళకు రెండణాల చొప్పున రుసుము నిర్ణయించాడు. మద్రాసులో జనరల్ పోస్టాఫీసు 1786 జూన్ 1న ఆరంభమైంది. దూరాన్ని బట్టి రుసుము పెరగడం వల్ల జాబు వ్రాయడం చాలాకాలం సంపన్నుల వ్యవహారంగానే మిగిలింది.

నేల, నది, మనిషి

గుర్రాలనూ బండ్లనూ కాదని ఈ తీరంలో మనిషి కాళ్ళను ఆశ్రయించడానికి కారణం నేల స్వభావమే. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల ఇసుక పర్రలలో బండి చక్రం దిగబడుతుంది. కృష్ణకు దక్షిణాన నల్లరేగడి తొలకరి వానకే జిగురుగా మారి ఎద్దుల కాళ్ళను పట్టేస్తుంది. గోదావరి దాటిన తరువాత కొండలు సముద్రానికి చేరువవుతాయి. పెన్న, గుండ్లకమ్మ, కృష్ణ, గోదావరి, శారద, నాగావళి, వంశధార నదులన్నీ దారికి అడ్డంగా ప్రవహిస్తాయి. వరద రోజుల్లో రాజమహేంద్రవరం వద్ద గోదావరిని దాటడం పడవ సరంగు నేర్పు మీద, దైవానుగ్రహం మీద ఆధారపడిన పని. సంచీని నెత్తిన పెట్టుకొని వాగు దాటగలవాడు, పొలం గట్టున పరుగెత్తగలవాడు మనిషి ఒక్కడే.

దారిని కొన్ని మైళ్ళకొక అంచెగా విభజించేవారు. తన అంచె పూర్తికాగానే వార్తాహరుడు సంచీని తరువాతివానికి అప్పగించి, ఎదురువచ్చిన సంచీతో తిరిగి వచ్చేవాడు. ఒక్కొక్కరికి తెలిసిన దారి కొద్ది మైళ్ళే. అయితే ఆ కొద్ది మైళ్ళలో ప్రతి మలుపూ, ప్రతి బావీ, వరదకు మునిగే ప్రతి రేవూ అతనికి చీకటిలో సైతం పరిచితం. అడవులున్న చోట రాత్రివేళ దివిటీ పట్టేవాడు, డోలు మోగించేవాడు తోడుగా వెళ్ళేవారు. వార్తాహరుడి చేతి ఈటెకు కట్టిన గజ్జెలు జంతువులను బెదరించడానికీ, ముందున్న అంచెకు రాకను తెలపడానికీ ఉపకరించేవి.

ఈ దారి స్వరూపం తెలుగువారికి అక్షరరూపంలో దక్కడానికి ఏనుగుల వీరాస్వామయ్య కారకుడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, తిరుగు ప్రయాణంలో గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా ప్రయాణించి 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు వ్రాసిన లేఖల సంపుటమే 1838లో వెలువడిన 'కాశీయాత్ర చరిత్ర'. మజిలీ మజిలీకి దారి తీరు, నీటివసతి, సత్రాలు, అంగళ్ళు నమోదు చేసిన ఆ గ్రంథం లేఖారూపంలో ఉండడం విశేషం. తెలుగు యాత్రాసాహిత్యపు తొలి మేలిరచన తపాలా యుగపు బిడ్డ.

పొడవు పరుగు, అడ్డపు పరుగు

1854 తపాలా చట్టం దూరంతో నిమిత్తం లేకుండా పావు తులం బరువుగల ఉత్తరానికి అర్ధణా రుసుము నిర్ణయించింది. నాటి నుంచి జాబు సామాన్యుని ముంగిట చేరింది. తంతి సౌకర్యం అత్యవసర వార్తలను తీసుకుపోయింది. 1890ల దశాబ్దంలో తీరం వెంట రైలు వచ్చింది. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన 1900లో వినియోగంలోకి రావడంతో శతాబ్దాలుగా తపాలాను నిలువరించిన నది అడ్డు తొలగింది. మద్రాసు నుంచి కలకత్తాకు తీరం పొడవునా సాగిన పరుగు దీనితో ముగిసింది.

అయితే వార్తాహరుడు అదృశ్యం కాలేదు, అతని దిక్కు మారింది. రైలు దిగిన సంచీని ఒకవైపు సముద్రపుటొడ్డు పల్లెలకూ, మరొకవైపు మన్యం గూడేలకూ చేర్చే పని అతనిదైంది. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలాది కూలీలు రంగూను వెళ్ళారు. 1880లో మనియార్డరు ప్రవేశపెట్టిన తరువాత దూరదేశపు సంపాదన తపాలా ద్వారా ఇంటికి చేరే వీలు కలిగింది. ఓడకూ రైలుకూ అందని చివరి కొద్ది మైళ్ళు మాత్రం కాలినడకవే. ఆ సంచీలో ఒక కుటుంబపు ఏడాది గ్రాసం ఉండవచ్చు, ఒక మరణవార్త ఉండవచ్చు. మోసేవానికి ఆ భేదం తెలియదు, రెండింటినీ ఒకే వేగంతో మోసేవాడు.

1937లో ప్రభుత్వం తపాలా సాధనాల చిత్రాలతో బిళ్ళలు వెలువరించినప్పుడు రైలు, ఓడ, విమానాలతోపాటు రెండణాల బిళ్ళ మీద పరుగెత్తే వార్తాహరుడికి చోటిచ్చింది. వంగకవి సుకాంత భట్టాచార్య 'రన్నర్' కవిత అతని శ్రమను గానం చేసింది. తెలుగునాట అతని స్మృతి ఎక్కువగా మాటల్లో నిలిచింది. ఒక పని 'అంచెలంచెలుగా' సాగిందనడంలో చేతులు మారిన ఆ సంచీ ఉంది. ఇక తిరిగిరాని ప్రయాణాన్ని 'టపా కట్టడం' అనడంలో బయలుదేరిన తపాలా మూట ఉంది.

నేడు విశాఖ సాగరతీరపు రహదారి మీద వేకువన వందలమంది ఆరోగ్యం కోసం, పోటీల కోసం పరుగెత్తుతున్నారు. నౌకాదళం నిర్వహించే మారథాన్‌కు ఇతర రాష్ట్రాల నుంచీ వస్తున్నారు. పరుగు నేడు ఉల్లాసం, నాడు అది జీవిక. రేవుపట్టణాల కోటలకూ డచ్చి సమాధులకూ రక్షణ కల్పించినట్లే, పాత తీరమార్గంలో మిగిలిన సత్రాలు, చావిళ్ళు, బావులు, మైలురాళ్ళను గుర్తించి జిల్లాలవారీగా నమోదు చేయడం చరిత్రకు చేయదగిన సేవ. వార్తాహరుల పేర్లు ఏ దస్తావేజులోనూ వెలుగుకెక్కకపోయినా, వారు ఏ చెట్టు కింద ఆగి, ఏ బావిలో నీరు తాగి, ఎక్కడ సంచీని చేతులు మార్చారో చెప్పగల ఆనవాళ్ళు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి.