చిన్న ఊరి జట్టు, పెద్ద ఊళ్ళ డబ్బు

ఈ దేశం వచ్చిన కొత్తలో మనలో చాలామందికి ఇక్కడి ఫుట్‌బాల్ అర్థం కాలేదు. కాలితో ఆడవలసిన బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తడమేమిటని నవ్వుకున్నాం. ఆట కాస్త తెలిశాక మరొక సందేహం పట్టుకుంది. న్యూయార్కు, చికాగో వంటి మహానగరాల నడుమ గ్రీన్ బే అన్న పేరు ఎలా నిలిచింది? విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆ ఊరి జనాభా లక్ష పైచిలుకు. మన ఏలూరు దానికి సుమారు రెండింతలు.

1919లో కర్లీ లాంబో అనే యువకుడు, పత్రికా రచయిత జార్జి కాల్హూన్ కలిసి ఈ జట్టును కూర్చారు. లాంబో పనిచేస్తున్న మాంసపు డబ్బాల కంపెనీ దుస్తులకని 500 డాలర్లిచ్చింది. ప్యాకర్స్ అన్న పేరు అలా వచ్చింది. ఆ కంపెనీ పేరు ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ! (మన ఇండియా కాదు లెండి.)

ఆ రోజుల్లో ఇటువంటి చిన్న ఊళ్ళ జట్లు లీగులో చాలా ఉండేవి. ఒహాయోలోని కాంటన్ 1922, 1923లలో వరుసగా విజేత. మరుసటి ఏడే అది క్లీవ్‌లండ్ పాలయింది. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కు తరలిపోయింది. గ్రీన్ బే మాత్రం 1923లో 5 డాలర్ల చొప్పున వెయ్యి వాటాలు అమ్మి, జట్టును ఊరి సొత్తు చేసుకుంది. వాటాకు లాభం పంచరు, దాన్ని బజారులో అమ్ముకునే వీలూ లేదు. రామాలయానికి చందా ఇచ్చినవాడు వడ్డీ అడగడు గదా, అదే తీరు. ఇప్పుడు వాటాదారులు 5 లక్షలకు పైమాటే.

అయితే భక్తి ఒక్కటే కడుపు నింపదు. టెలివిజన్ వచ్చాక ప్రతి జట్టూ తన ప్రసార హక్కులు తానే అమ్ముకునేది. న్యూయార్కుకు వచ్చేదానికీ గ్రీన్ బేకి వచ్చేదానికీ పోలికే లేదు. 1960లో లీగు అధిపతి అయిన పీట్ రోజెల్, అందరి హక్కులూ కలిపి అమ్మి రాబడిని సమంగా పంచుకుందామన్నాడు. అందువల్ల ఎక్కువ నష్టపోయేది న్యూయార్కు జెయింట్స్ యజమానులైన మారా సోదరులు. వారే ఒప్పుకున్నారు! గుత్తాధిపత్య చట్టం అడ్డువస్తే, 1961 సెప్టెంబరులో అధ్యక్షుడు కెనెడీ అందుకు మినహాయింపునిచ్చే చట్టంపై సంతకం చేశారు. 1962లో ఏడాదికి 46 లక్షల 50 వేల డాలర్లు 14 జట్లకు సమంగా అందాయి. ఆ దశకంలోనే విన్స్ లొంబార్డీ శిక్షణలో గ్రీన్ బే ఐదుసార్లు విజేత అయింది. 1994లో జట్టు జీతాలకు గరిష్ఠ పరిమితి కూడా వచ్చింది.

ఇదే 1961లో ఇంగ్లండు వేరే దారి పట్టింది. అక్కడ ఆటగాడి జీతం వారానికి 20 పౌండ్లు దాటరాదన్న నియమం ఆ జనవరిలో పోయింది. ఆటగాళ్ళకు అది న్యాయమే, కాదనం. కాని ఆపైన మంచి ఆటగాణ్ణి నిలుపుకునే శక్తి నూలు మిల్లుల ఊళ్ళకు తగ్గుతూ వచ్చింది. 1888లో ఆ లీగు పుట్టినప్పుడు 12 జట్లలో సగం లాంకషైరువే సుమా! వచ్చిన జట్టుకు టిక్కెట్ల డబ్బులో వాటా ఇచ్చే ఆచారం 1983లో పోయింది. 1992లో పెద్ద డివిజను క్లబ్బులు టెలివిజను డబ్బు కోసం ప్రీమియర్ లీగుగా విడిపోయాయి. 1900, 1903లలో ఎఫ్.ఏ. కప్పు గెలిచిన బరీ, అప్పుల్లో మునిగి 2019లో లీగు నుంచే బహిష్కృతమైంది.

ఇంతమాత్రాన అమెరికాను మెచ్చుకోవడానికీ మాకు మనసొప్పదు. ఇక్కడి సమానత్వం లోపలున్న 32 జట్లకే. బయట ఉన్న ఊరు ఎంత బాగా ఆడినా లోపలికి రాలేదు. ఇంగ్లండులో లూటన్ ఒకప్పుడు లీగు బయటికి పడిపోయి, 2023లో ప్రీమియర్ లీగుకు ఎక్కింది. ఆ తలుపు ఇక్కడ లేదు. పైగా ఊరి సొత్తుగా మరొక జట్టు ఏర్పడడానికి నేటి లీగు నియమాలు ఒప్పుకోవు. ఇక బేస్‌బాల్ సంగతి సరేసరి. 2002లో ఓక్లండ్ జీతాల మొత్తం సుమారు 4 కోట్ల డాలర్లు, యాంకీస్‌ది 12 కోట్లకు పైన. ఇద్దరూ 103 ఆటలే గెలిచారు. అయినా 2024తో ఓక్లండ్‌లో ఆ జట్టు కథ ముగిసింది.

ఇవన్నీ చదువుతుంటే మాకు హైదరాబాదే గుర్తుకు వచ్చింది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆడినవారు పోలీసు కొలువువారు. కలకత్తా క్లబ్బుల వద్ద డబ్బూ జనమూ ఉన్నాయి. 1960లలో మన మహమ్మద్ హబీబ్ అటు వెళ్ళాడు, పేరంతా అక్కడే తెచ్చుకున్నాడు. ఆపడానికి హైదరాబాదు క్లబ్బుల వద్ద అంత డబ్బు లేదు. పంచమని కలకత్తాను అడగడానికి దేశానికంతటికీ ఒక లీగు కూడా అప్పటికి లేదు.