బస్తర్‌లో శాంతి: చర్చల చరిత్ర, నిర్వాసితుల ప్రశ్న

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్ డివిజన్‌లో ఏడు జిల్లాలున్నాయి. అవి కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పుర్, బస్తర్, దంతేవాడ, బీజాపుర్, సుక్మా. నాలుగు దశాబ్దాలకు పైగా భద్రతా బలగాలకు, మావోయిస్టులకు మధ్య సాగిన పోరుకు ఈ అడవులే కేంద్రం. ఇటీవల పోరు తీవ్రత బాగా తగ్గింది. అయితే కాల్పులు ఆగడం వేరు, శాంతి నెలకొనడం వేరు. ఈ పోరులో ఊళ్లు విడిచి తెలుగు రాష్ట్రాలకు వచ్చిన ఆదివాసీల భవితవ్యం ఇంకా తేలలేదు.

పోరు మూలాలు

1980లో ఏర్పడిన పీపుల్స్‌వార్ తన దళాలను గోదావరి దాటించి దండకారణ్యానికి పంపింది. తునికాకు సేకరణ కూలి, అటవీ సిబ్బంది వేధింపులు, పోడు భూముల సమస్యలపై ఆదివాసీలను కూడగట్టి అక్కడ పట్టు సాధించింది. 2004 సెప్టెంబరులో ఆ పార్టీ, ఎంసీసీఐ విలీనమై సీపీఐ (మావోయిస్టు)గా మారాయి.

సల్వాజుడుం

2005 జూన్‌లో కాంగ్రెస్ నాయకుడు మహేంద్ర కర్మ ముందుండి నడిపిన సల్వాజుడుం మొదలైంది. వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. కొందరిని రహదారుల వెంబడి శిబిరాలకు తరలించగా, వేలాది మంది నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు వలస వచ్చారు. ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి మావోయిస్టులపై పోరుకు దింపడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న జస్టిస్ బి.సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్.నిజ్జర్‌ల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఇరువైపులా ప్రాణనష్టం కొనసాగింది. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్ల వద్ద మావోయిస్టుల దాడిలో 76 మంది భద్రతా సిబ్బంది చనిపోయారు. 2012 జూన్‌లో సార్కెగూడలో బలగాల కాల్పుల్లో 17 మంది మరణించారు. వారు మావోయిస్టులనేందుకు ఆధారాలు లేవని న్యాయ విచారణ కమిషన్ తేల్చింది. 2013 మే 25న ఝీరం లోయలో జరిగిన దాడిలో మహేంద్ర కర్మ హతమయ్యారు.

ఫలించని చర్చలు

2004 అక్టోబరు 15 నుంచి 18 వరకు హైదరాబాద్‌లో వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రభుత్వం, నక్సలైట్ల ప్రతినిధులు ముఖాముఖి చర్చలు జరిపారు. విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్.శంకరన్ నేతృత్వంలోని పౌర స్పందన వేదిక ఇందుకు కృషి చేసింది. దళాలు ఆయుధాలతో తిరగడంపై, భూపంపిణీపై అంగీకారం కుదరలేదు. 2005 జనవరిలో చర్చల ప్రక్రియ ముగిసిపోయింది.

2012 ఏప్రిల్‌లో సుక్మా కలెక్టర్ అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు అపహరించినప్పుడు ప్రొఫెసర్ జి.హరగోపాల్, బి.డి.శర్మ మధ్యవర్తిత్వం వహించారు. మే 3న కలెక్టర్ విడుదలయ్యారు. ఆ ప్రయత్నం ఒక్క వ్యక్తి విడుదల వరకే పరిమితమైంది.

2025 పరిణామాలు

2025 వసంతంలో మావోయిస్టులు కాల్పుల విరమణ ప్రతిపాదించారు. ఆయుధాలు వదిలి లొంగిపోవడమే మార్గమని కేంద్రం స్పష్టం చేసింది. మావోయిస్టు రహిత భారతానికి 2026 మార్చి 31ని గడువుగా నిర్ణయించింది. 2025 మే 21న ఆ పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు నారాయణ్‌పుర్ జిల్లాలో ఎదురుకాల్పుల్లో మరణించారు. అక్టోబరులో మల్లోజుల వేణుగోపాలరావు గడ్చిరోలిలో లొంగిపోయారు. అదే నెల 17న జగదల్‌పుర్‌లో తక్కళ్లపల్లి వాసుదేవరావు సహా 210 మంది ఆయుధాలు విడిచారు. నవంబరు 18న మారేడుమిల్లి అడవుల్లో మడావి హిడ్మా హతమయ్యాడు.

నిర్వాసితుల స్థితి

గుత్తికోయలుగా పిలిచే వలస ఆదివాసీలు భద్రాద్రి కొత్తగూడెం, ములుగు జిల్లాల్లో, ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు ప్రాంతంలో స్థిరపడ్డారు. షెడ్యూల్డ్ తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉండటంతో స్వరాష్ట్రంలోని గుర్తింపు ఇక్కడ వర్తించడం లేదు. గుర్తింపు లేనివారు అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందాలంటే మూడు తరాలు, అంటే 75 ఏళ్లు అక్కడే నివసించి ఉండాలి. అందువల్ల పోడు భూముల విషయంలో అటవీశాఖతో తరచూ ఘర్షణ తలెత్తుతోంది.

అక్రమంగా నిర్వాసితులైన అటవీవాసులకు ప్రత్యామ్నాయ భూమితో పునరావాసం కల్పించే నిబంధన అదే చట్టంలోని 3(1)(ఎం) సెక్షన్‌లో ఉంది. అయితే అది 2005 డిసెంబరు 13కు ముందు నిర్వాసితులైన వారికే వర్తిస్తుంది. సల్వాజుడుం ఆ తర్వాత కూడా కొనసాగినందున, తర్వాత ఊరు విడిచినవారు దాని పరిధిలోకి రారు.

ముందున్న మార్గం

మూల సమస్యలను వాయిదా వేస్తే ఏమవుతుందో పశ్చిమాసియా అనుభవం చెబుతోంది. 1993 సెప్టెంబరు 13న ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థ సంతకాలు చేసిన ఓస్లో ఒప్పందం శరణార్థులు, సరిహద్దులు, జెరూసలేం అంశాలను తదుపరి చర్చలకు వదిలింది. అవి నేటికీ పరిష్కారం కాలేదు. అక్కడిది రెండు జాతుల మధ్య భూభాగ వివాదం. బస్తర్‌లో ఉన్నది ఒకే రాజ్యాంగం కింద జీవించే పౌరులు. పరిష్కార సాధనాలు ఇక్కడి చట్టాల్లోనే ఉన్నాయి.

గ్రామసభకు అధికారాలిచ్చే 1996 నాటి పెసా చట్టం అమలు, తిరిగి వెళ్లాలనుకునే వారికి పాత భూమి, ఉండిపోవాలనుకునే వారికి ఇక్కడ గుర్తింపు కల్పించడం వాటిలో ముఖ్యమైనవి. లొంగిపోయిన వారికి పునరావాస విధానం ఉన్నట్లే, ఏనాడూ ఆయుధం పట్టకుండానే ఊరు కోల్పోయిన వారికీ ఒక విధానం అవసరం. ఇందుకు ఛత్తీస్‌గఢ్, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వాలు కేంద్రంతో కలిసి ఒక నిర్ణయానికి రావాల్సి ఉంటుంది.