టీబీని వెలుగుతో పట్టే సీబీనాట్: రిపోర్టులో ఆ రెండో లైను ఎందుకు చదవాలి?

రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే ప్రభుత్వ ఆస్పత్రిలో తెమడ పట్టి ఇమ్మని చిన్న డబ్బా చేతికిస్తారు. ఆ తెమడ సీబీనాట్ మెషీన్‌లోకి వెళ్తే సుమారు రెండు గంటల్లో రెండు సంగతులు తేలతాయి. టీబీ ఉందా? ఉంటే రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందా? చాలామంది మొదటిది విని వచ్చేస్తారు. చికిత్స దారి మార్చేది మాత్రం రెండోదే.

ఈ మెషీన్ చూసేది వెలుగును. జీవ పదార్థాన్ని గుర్తుపట్టి, ఆ కబురును మనం కొలవగలిగే సిగ్నల్‌గా మార్చేదే బయోసెన్సర్. ఆ సిగ్నల్ వెలుగైతే అందులో రెండు రకాలు. బ్యాంకు క్యాషియర్ యూవీ లైటు కింద పెడితే నోటులోని సన్నని పోగులు మెరుస్తాయి కదా, అది ఫ్లోరోసెన్స్. బయటి నుంచి కాంతి పడితేనే మెరుపు. మిణుగురు పురుగుకు ఏ లైటూ అక్కర్లేదు, దాని ఒంట్లో జరిగే రసాయన చర్యే వెలుగిస్తుంది. అది ల్యూమినిసెన్స్.

సీబీనాట్‌ది మొదటి రకం. ఇందులో పనిచేసేవి మాలిక్యులర్ బీకన్లు. వీటి గురించి 1996లో న్యూయార్క్ శాస్త్రవేత్తలు సంజయ్ త్యాగి, ఫ్రెడ్ క్రామర్ ప్రకటించారు. హెయిర్‌పిన్‌లా మడిచిన చిన్న డీఎన్ఏ ముక్క అనుకోండి. ఒక కొసన మెరిసే రంగు, రెండో కొసన ఆ మెరుపును అణిచేసే పదార్థం. మడిచి ఉన్నంతసేపు రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చీకటే. తనకు జత కుదిరే డీఎన్ఏ దొరికితే పిన్ను విచ్చుకుని రంగు వెలుగుతుంది. జతలో ఒక్క అక్షరం తేడా వచ్చినా పట్టు కుదరదు.

ఆ ఒక్క అక్షరం దగ్గరే అసలు పని. రిఫాంపిసిన్‌కు లొంగని టీబీలో దాదాపు 95 శాతం మార్పులు ఒకే జన్యువులోని 81 అక్షరాల ముక్కలో ఉంటాయి. మొదటి తరం కార్ట్రిడ్జ్‌లో ఆ ముక్కను ఐదు రంగుల్లో ఐదు బీకన్లు పంచుకుని చూస్తాయి. ఐదూ వెలిగితే టీబీ ఉంది, కానీ మందు పనిచేస్తుంది. కొన్ని వెలిగి ఒక్కటి చీకటిగా ఉండిపోతే మందు పనిచేయదని లెక్క.

మైక్రోస్కోప్‌లో కనపడాలంటే మిల్లీలీటరు తెమడలో సుమారు 10,000 క్రిములుండాలి. దీనికి 130 చాలు. క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్షకు వారాలు పడుతుంది. ఆలోగా పనిచేయని మందు మింగుతూ ఉంటే ఇంట్లో పిల్లలకు, పెద్దవాళ్లకు అంటుకోవచ్చు. అందుకే 2010 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. గోవా కంపెనీ తయారుచేసే ట్రూనాట్ కూడా ఫ్లోరోసెన్స్ మీదే నడుస్తుంది. బ్యాటరీతో పనిచేస్తుంది కాబట్టి చిన్న ఆరోగ్య కేంద్రాలకు అనువైనది. అందులో రిఫాంపిసిన్ సంగతి తేల్చడానికి రెండో చిప్ వేయాలి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. చచ్చిన క్రిమి డీఎన్ఏ ఉన్నా ఇది వెలుగుతుంది. కాబట్టి మందులు వాడుతున్నవాళ్లకు నయమవుతోందా లేదా చూడడానికి పనికిరాదు. ఇక్కడే మిణుగురు గుర్తొస్తుంది. 1993లో అమెరికా పరిశోధకులు మిణుగురు జన్యువును ఒక వైరస్ ద్వారా టీబీ క్రిమిలోకి పంపారు. బతికున్న క్రిమి వెలిగింది, మందుకు చచ్చినది ఆరిపోయింది. ఎంత బాగున్నా ఆ పద్ధతి మామూలు ఆస్పత్రుల దాకా రాలేదు. ఐసోనియాజిడ్ లాంటి ఇతర మందుల సంగతీ మామూలు సీబీనాట్ చెప్పదు, దానికి వేరే పరీక్ష ఉంది. తెమడ తీయలేని పిల్లలకు కడుపులోని ద్రవం తీసి చూస్తారు. నెగెటివ్ వచ్చినా లక్షణాలు తగ్గకపోతే డాక్టర్‌ను మళ్లీ కలవాల్సిందే.

ఇక రిపోర్టు. "ఎంటీబీ డిటెక్టెడ్, రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్" అని ఉంటే చివరి రెండు మాటలు చూసి టీబీ లేదనుకోవద్దు. టీబీ ఉంది, రిఫాంపిసిన్ పనిచేస్తుందని అర్థం. రెండూ "డిటెక్టెడ్" అయితే మామూలు కోర్సు సరిపోదు, మందులు మారుస్తారు. "ఇన్‌డిటర్మినేట్" అని ఉంటే మందు సంగతి తేలలేదు, మళ్లీ తెమడ ఇవ్వాలి.