గుప్తిలోని కత్తి - ఒరలోని తుప్పు

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని సామెత. ఒక ఒరలో ఒక్క కత్తియే సరిగా ఇమడకపోయిన నేమగునో గుప్తిని చూచి తెలిసికొనవచ్చును. గుప్తి చూచుటకు చేతికర్ర వలె నుండును. పిడి పట్టి లాగిన సన్నని కత్తి వెలువడును. పాత గుప్తిని చేతబట్టి ఊపినచో తరచుగా లోపల కటకటమని చప్పుడగును. అది చిన్న లోపమని తోచవచ్చును గాని, నిజమునకు తుప్పు రాకను తెలుపు తొలి హెచ్చరిక.

మంగళగిరి గాలిగోపురమును వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు 1807 - 1809 సంవత్సరముల మధ్య కట్టించెను. అప్పటికే జమీందారుల కత్తికి కాలము మారుచుండెను. 1802లో ఉత్తర సర్కారులలో శాశ్వత శిస్తు నిర్ణయము ప్రారంభమై, జమీందారులు సొంత సేనలను పోషించు పద్ధతి అంతరించెను. 1878 ఆయుధ చట్టము ఆయుధధారణకు లైసెన్సు నిర్బంధము చేసెను. ఐరోపాలోను నడుమున కత్తి కట్టుకొను ఆచారము సన్నగిలిన పిదప, 18, 19 శతాబ్దులలో కత్తి చేతికర్రలోనికి చేరెను. ఈ దాపరికమును చట్టము గుర్తింపకపోలేదు. 1962 ఆయుధ నియమావళి గుప్తిని కత్తులతోపాటే పేర్కొన్నది.

మామూలు ఒరను కత్తి ఆకారమునకు తగినట్లు రెండు చెక్కబద్దలను తొలిచి, ఒకటిగా అతికి చేయుదురు. గుప్తి కర్రకైతే తరచుగా నిలువునా గుండ్రని రంధ్రము తొలుతురు. రంధ్రము గుండ్రన, కత్తి బల్లపరుపు. కనుక ఇరువైపుల ఖాళీ మిగులును. కత్తిని బిగించి నిలుపునది కర్ర మూతియొక్కటే.

కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండి ముడుచుకొనును. ఈ మార్పు పొడవున స్వల్పము, అడ్డముగా హెచ్చు. కృష్ణా డెల్టాలో వేసవి వేడి 40 డిగ్రీల సెంటీగ్రేడును దాటును; వెంటనే వానకాలపు తేమ వచ్చును. ఏటేటా ఇట్లు జరుగగా మూతి వదులై కత్తి ఆడును. ఆడిన కత్తి గోడలను ఒరయగా దానిపై నూనెపొర తుడిచిపెట్టుకొనిపోవును. రాలిన కొయ్యపొడి తేమను పట్టియుంచును. కొయ్యనుండి స్వల్పముగా వెలువడు ఎసిటిక్ ఆమ్లము తుప్పును త్వరపెట్టును. అడుగున ఇత్తడి పొన్ను కత్తిమొనకు తగిలి, నడుమ ఉప్పుతేమ చేరినచో, విద్యుద్రసాయన చర్యవలన ఇనుమే ముందుగా క్షయించును. తుప్పు తానాక్రమించిన ఇనుముకంటె రెండింతలకు పైగా చోటు తీసికొనును. అందుచేత మొదట వదులై చప్పుడు చేసిన కత్తియే చివరకు ఊడిరాకుండ బిగుసుకొనిపోవును!

దీనివలన పోవునది ఒక ఇనుపముక్క మాత్రమే కాదు. నేటి తెలంగాణములోని కోనసముద్రమున మూసలలో కరగించి చేసిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చెడివారు. 19వ శతాబ్ది తొలిభాగమున డాక్టరు వాయిసీ ఆ పద్ధతిని స్వయముగా చూచి వర్ణించెను. అట్టి ఉక్కులో కర్బనము సుమారు 1.5 శాతము, కత్తిపై నీటి అలలవంటి చారలు కనబడును. తుప్పును వదలించుటకు ఉప్పుకాగితముతో రుద్దినచో ఆ చారలును, చరిత్రయు ఒక్కసారే చెరిగిపోవును.

ఈ చిక్కును జపానువారు చక్కగా విడదీసిరి. కత్తి మొదట 'హబాకి' అను లోహపు పట్టీని తొడుగుదురు. అది ఒర మూతిలో బిగియును. మిగిలిన కత్తి దేనికిని తగులక నిలుచును. ఒరబద్దలను అన్నపు జిగురుతో అతుకుదురు. కావలసినపుడు విప్పి లోపల శుభ్రపరుపవచ్చును.

గుప్తికిని ఇదే సూత్రము వర్తించును. కత్తికి దీపపుమసి పలుచగా పూసి కర్రలో పెట్టి తీసినచో మసి చెరిగినచోట ఒరసికొనుచున్నదని తెలియును. పిదప చిత్రికపట్టిన పలుచని చెక్కపేళ్లను మూతిలోపల మాత్రమే, మరల ఊడదీయుటకు వీలగు జిగురుతో అతుకవలెను. గుడ్డ, కాగితము, తోలు కూరరాదు. అవి తేమను పట్టును. కొబ్బరినూనె కాలక్రమమున ఆమ్లమై జిగటకట్టును. శుద్ధమైన ఖనిజనూనె పలుచగా రాయుట మేలు. అపురూపమైన కత్తియైనచో దానిని కర్రలో దాచక, పొడిచోట విడిగా ఉంచుటయే ఉత్తమము. ఈ పనులు పెద్దలు, నిపుణులు చేయదగినవి.

విద్యార్థులు మూడు ఇనుపమేకులతో ఈ సంగతిని పరీక్షింపవచ్చును. ఒకదానిని పొడి రంపపుపొట్టులోను, ఒకదానిని తడిపొట్టులోను, మూడవదానిని నూనె రాసి తడిపొట్టులోను వారము రోజులుంచి చూడుడు. విజయవాడ బాపు మ్యూజియములో పాత ఆయుధములను చూచునపుడు ఆ మేకులను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. కత్తి శత్రువును ఎదిరించును; కత్తిని కాపాడవలసినది ఒర.