కీర్తనను వెదకు త్రోవలు



పాట నోటనున్నది, పుస్తకములో ఎక్కడున్నదో తెలియదు. ఆరాధనకు ముందు ఈ చిక్కు మనకందరికిని అనుభవమే. దీనిని తీర్చుటకు మన పెద్దలు చేసిన ఏర్పాటు గమనింపదగినది.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో పాటలు దేవస్తుతి, క్రీస్తు జననము, శ్రమ మరణములు అను విధముగా విషయముల క్రింద కూర్చబడినవి. పల్లవుల అకారాది పట్టిక వేరుగా కలదు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు మన రాగములలో రచించిరి గనుక పాట తలపై రాగ తాళములు కూడ చూపబడినవి. ఇవి మూడు త్రోవలు.

రాగమును బట్టి కూర్చుట మన దేశమున పాత పద్ధతియే. 17వ శతాబ్దమున వేంకటమఖి 72 మేళములను నిర్ణయించెను. 1904లో సుబ్బరామ దీక్షితులు ఎట్టయపురమున తెలుగు లిపిలో ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ మేళముల వరుసలోనే నడచినది. పల్లవి మరచినను, రాగము తెలిసినవాడు కృతిని పట్టుకొనగలడు.

గ్రంథాలయములలో విషయ శీర్షికలకు 1876లో అమెరికాలో చార్లెస్ కట్టర్ నియమములు వ్రాసెను. గ్రంథకర్త, గ్రంథనామము, విషయము – ఏ ఒక్కటి తెలిసినను పుస్తకము దొరకవలెనని ఆయన ఉద్దేశము.

నేడు ఫోనులో ‘కీర్తనలు’ అని వెదకినచో దావీదు కీర్తనలు, త్యాగరాజ కీర్తనలు, మన కీర్తనలు కలగలిసి వచ్చును. ‘శ్రమ’ అని వెదకినచో, ‘సిలువ’, ‘కల్వరి’ అను మాటలే గల పాటలు తప్పిపోవును. యంత్రము అక్షరములను చూచును; శీర్షికను మాత్రము పాట భావము గ్రహించిన మనిషి పెట్టెను. కాబట్టి ముందు మాటతో వెదకి, సరియైన గ్రంథమొకటి దొరకగానే దానికున్న శీర్షికను చూచి, ఆ శీర్షికతో మరల వెదకుట మేలు.

మన పని ఇంకొకటి కలదు. మాటల పుస్తకము రాగము పేరు చెప్పునేగాని వరుసను పాడి వినిపింపదు. అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల పాత వరుసలు వృద్ధుల కంఠములలోనే నిలిచియున్నచో, వారితోనే పోవును. యువకులు వాటిని ఫోనులలో పట్టవచ్చును. కాని పేరు లేని రికార్డు పోయినదానితో సమానము. ప్రతిదానికి పల్లవి, కవి, విషయము, రాగ తాళములు, ఊరు, సంవత్సరము వ్రాయుడి. ఒకరు ‘శ్రమకాలము’ అనియు మరొకరు ‘లెంట్’ అనియు వ్రాసినచో ఒకరిది మరొకరికి దొరకదు. కనుక కీర్తనల పుస్తకములోని శీర్షికలనే అన్ని సంఘములును వాడుదుముగాక.