మ్యూట్‌లో ఉన్న యజమాని

లిస్టెడ్ కంపెనీ షేర్లు పది ఉన్నా చాలు, ఏటా జూలై నుంచి సెప్టెంబరు దాకా ఏజీఎం నోటీసులు ఈమెయిల్‌కు వరసగా వస్తుంటాయి. వాటి అచ్చు దాదాపు ఒకటే. వీడియో సమావేశం తేదీ, సమయం, ఈ-ఓటింగ్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో, లాగిన్‌కు కావలసిన డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ వివరాలు ఉంటాయి. మాట్లాడదలచినవాళ్లు ఫలానా తేదీలోగా ‘స్పీకర్ షేర్‌హోల్డర్’గా పేరు నమోదు చేసుకోవాలని ఉంటుంది. దాని కిందే, సమయాన్ని బట్టి స్పీకర్ల సంఖ్యను పరిమితం చేసే హక్కు కంపెనీకి ఉందని మరో వాక్యం. నోటీసు మొత్తంలో శ్రద్ధగా చదవాల్సింది ఈ వాక్యమే. ఆన్‌లైన్ ఏజీఎం కరోనా తెచ్చిందని అందరూ అనుకుంటారు. తేదీల లెక్కన అది నిజమే. 2020 ఏప్రిల్ 8న కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ అసాధారణ సమావేశాలకు, మే 5న వార్షిక సర్వసభ్య సమావేశాలకు వీడియో అనుమతి ఇస్తూ సర్క్యులర్లు జారీ చేసింది. కానీ ఆ అనుమతి వచ్చేనాటికే సమావేశం హాలులోంచి అసలు సరుకు చాలావరకు బయటికి వెళ్లిపోయింది. ముందు ఓటు వెళ్లింది, వెనకనే మాట వెళ్లింది. ఆ చరిత్ర తెలిస్తేనే ఇప్పటి తెర మీద ఏది దక్కించుకోవాలో తెలుస్తుంది.

వాటాదారు అడిగితే కంపెనీ జవాబు చెప్పాలన్న ఆలోచన కంపెనీతోపాటు పుట్టలేదు. 1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ జనం దగ్గర పెట్టుబడి తీసుకుంది కానీ వాళ్లను కూర్చోబెట్టి లెక్క చెప్పలేదు. ఇరవై ఏళ్లు ఓపిక పట్టిన వాటాదారులు 1622లో కరపత్రాలు వేసి మరీ డైరెక్టర్లను లెక్కలు అడగాల్సి వచ్చింది. లండన్‌లోని ఇంగ్లీషు కంపెనీ పద్ధతి వేరు. అక్కడ వాటాదారుల సభ లెడెన్‌హాల్ వీధిలో కూడేది, 500 పౌండ్ల వాటా ఉన్నవాళ్లకు ఓటు ఉండేది, డైరెక్టర్లను ఎన్నుకునేది ఆ సభే. ఆ హాలుకు ఎంత బలం ఉండేదో 1767లో తెలిసింది. బెంగాల్ దివానీ, మన ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాయన్న ఉత్సాహంలో వాటాదారులు డైరెక్టర్ల మాట కాదని డివిడెండ్‌ను పన్నెండున్నర శాతానికి పెంచుకున్నారు. పార్లమెంటు చట్టం చేసి దాన్ని పది శాతం దగ్గర ఆపాల్సి వచ్చింది. ఓట్ల కోసం వాటాలను ముక్కలు చేసి తాత్కాలికంగా స్నేహితుల పేర్ల మీద రాయడం మితిమీరడంతో, 1773 రెగ్యులేటింగ్ చట్టం ఓటు అర్హతను 1000 పౌండ్లకు పెంచింది. ఉత్తర సర్కారుల రైతు కట్టే శిస్తు మీద ఆశతో అంత దూరాన, ఆ రైతు ఊసే లేకుండా చేతులెత్తిన ఆ సభను ఆదర్శంగా చూపలేం. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. అక్కడ చర్చా ఓటూ ఒకే చోట జరిగాయి. పక్కవాడి వాదన విని మనసు మార్చుకునే వీలుండేది. డైరెక్టర్లు ఓడిపోయేవారు.

తర్వాతి రెండు శతాబ్దాల కంపెనీ చట్టమంతా చర్చనూ ఓటునూ విడదీసిన కథే. దూరంగా ఉన్న వాటాదారుకు న్యాయం చేయాలన్నదే ప్రతి అడుగుకూ కారణం, ఆ కారణం మంచిదే. మొదట ప్రాక్సీ వచ్చింది. మన 2013 కంపెనీల చట్టంలో ప్రాక్సీ మీ తరఫున ఓటు వేయగలడు, సభలో నోరు విప్పే హక్కు మాత్రం అతనికి లేదు. 2000 నాటి సవరణతో పోస్టల్ బ్యాలట్ వచ్చింది, కొన్ని తీర్మానాలకు సభే అక్కర్లేకపోయింది. 2013 చట్టంలోని 108వ సెక్షన్, దాని వెనకే 2014 నియమాలు లిస్టెడ్ కంపెనీలకూ, వెయ్యిమంది వాటాదారులున్న కంపెనీలకూ ఎలక్ట్రానిక్ ఓటింగ్‌ను తప్పనిసరి చేశాయి. ఈ చివరి మార్పుతో ఎవరూ పెద్దగా గమనించని నష్టం ఒకటి జరిగింది. అంతకుముందు సభలో తీర్మానం మొదట చేతులెత్తి తేల్చేవారు. అప్పుడు మనిషికి ఒక ఓటు, పది షేర్లవాడి చెయ్యీ పది లక్షల షేర్లవాడి చెయ్యీ సమానమే. తర్వాత పోల్ అడిగితే షేర్ల లెక్కన ఫలితం తిరగబడేది, నిజమే. అయినా హాలంతా ఒక తీర్మానాన్ని వ్యతిరేకించిన దృశ్యం ఛైర్మన్ కళ్లెదుట ఉండేది, మర్నాడు పేపర్లో వచ్చేది. ఎలక్ట్రానిక్ ఓటింగ్ ఉన్నచోట చేతులెత్తడం చట్టప్రకారమే పోయింది.

తెర మీద సమావేశం సమావేశమేనా అన్న ప్రశ్న కోర్టు ముందుకు వచ్చింది ఇంటర్నెట్‌తో కాదు, ఒక సినిమా హాలుతో. 1988 అక్టోబరులో ఒక జీవిత బీమా సంస్థ సభ్యుల సమావేశాన్ని లండన్‌లోని బార్బికన్ కేంద్రం సినిమా హాల్లో పెట్టారు. అనుకున్నదానికన్నా జనం ఎక్కువ వచ్చారు. పక్క గదుల్లో కూర్చోబెట్టి ఆడియో, వీడియో లింకు ఇవ్వాలనుకున్నారు, ఆ లింకు పనిచేయలేదు. ఛైర్మన్ సభను అదే రోజు మధ్యాహ్నానికి మరో చోటికి వాయిదా వేశారు. అక్కడికి రాలేనివాళ్ల ప్రమేయం లేకుండానే తీర్మానం నెగ్గింది. వ్యవహారం అప్పీలు కోర్టుకు చేరింది. అందరూ ఒకే గదిలో ఉండనక్కర్లేదు, వేర్వేరు గదుల్లో ఉన్నా సమావేశమే అవుతుందని న్యాయమూర్తులు ఒప్పుకున్నారు. అయితే ప్రతి గదిలోనివాళ్లూ మిగతా గదుల్లో జరిగేది చూడగలగాలి, వినగలగాలి, తామూ మాట్లాడగలగాలి. హాజరు కాగోరినవాళ్ల వీలును సరిగా చూసుకోకుండా చేసిన ఆ వాయిదా చెల్లదన్నారు. జూమ్ పుట్టడానికి రెండు దశాబ్దాల ముందే తేలిన ఈ కొలబద్దకు మించినది ఈ విషయంలో నాకు ఇప్పటికీ కనిపించదు. అది అడిగేది సాంకేతికత గురించి కాదు, సభ్యుల మధ్య చూపూ మాటా రెండువైపులా సాగుతున్నాయా అని.

అమెరికాలో 2000లో డెలావేర్ రాష్ట్రం తన కంపెనీ చట్టాన్ని సవరించి, హాలే లేని సమావేశానికి దారి తెరిచింది. మన దగ్గర 2011లో గ్రీన్ ఇనిషియేటివ్ పేరుతో వాటాదారులను వీడియోలో చేర్చుకోవాలన్న ప్రయత్నం జరిగింది, అది ఐచ్ఛికంగా మిగిలి ఊపందుకోలేదు. 2013 చట్టంలో తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బోర్డు సమావేశానికి డైరెక్టరు వీడియోలో రావచ్చని రాసుకున్నారు. వాటాదారు మాత్రం రిజిస్టర్డ్ ఆఫీసుకో, ఆ ఆఫీసున్న ఊళ్లోని మరో చోటికో, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు లోపు మొదలయ్యే సభకు స్వయంగా రావాలి. కాకినాడలోనో కరీంనగర్‌లోనో ఉండే పింఛనుదారు తన పాతిక షేర్ల కోసం ముంబై రైలెక్కడని తెలిసీ ఆ తేడాను ఏడేళ్లు అలాగే ఉంచారు. దాన్ని తొలగించడానికి లాక్‌డౌన్ కావలసి వచ్చింది. 1980లలో బొంబాయి కూపరేజ్ ఫుట్‌బాల్ మైదానం నిండా వాటాదారులను కూర్చోబెట్టిన రిలయన్స్, 2020 జూలై 15న తొలిసారి ఆన్‌లైన్‌లో ఏజీఎం జరిపింది. జియోలో గూగుల్ 33,737 కోట్ల రూపాయలు పెట్టబోతోందని ఆ వేదిక మీదే ప్రకటించింది. ఓటింగు, లాగిన్ల యంత్రాంగం నడిపేవాళ్లు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. డిపాజిటరీలైన ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్‌తోపాటు హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే రిజిస్ట్రారు కేఫిన్ టెక్నాలజీస్ కూడా ఆ పనిలో ఉంది. ఓటు ఎప్పుడో కంప్యూటర్‌కు ఎక్కింది, వీడియో జోడించడమే మిగిలింది.

ఆ 2020 సర్క్యులర్లు తొందరలో రాసినా బాధ్యతగానే రాశారు. పెద్ద కంపెనీల వేదికలో కనీసం వెయ్యిమందికి చోటుండాలి, ముందు వచ్చినవాళ్లకు ముందు అన్నారు. సభ మొదలయ్యే సమయానికి పావుగంట ముందు తలుపు తెరవాలి, ఆ తర్వాత పావుగంట దాకా మూయకూడదు. ప్రశ్నలు అప్పటికప్పుడు అడిగే వీలుండాలి, లేదా ముందుగా ఈమెయిల్‌లో పంపే సమయం ఇవ్వాలి. సభలో మాట్లాడినదంతా భద్రపరచి, పబ్లిక్ కంపెనీ అయితే వెబ్‌సైట్‌లో పెట్టాలి. చిక్కంతా ఆ ‘లేదా’ దగ్గర వచ్చింది. ఆ రెండో దారే చాలామందికి సుఖంగా తోచింది. ఇప్పుడు మామూలుగా జరిగేది ఇది: ముందు నమోదైన స్పీకర్లను మోడరేటర్ పేరు పెట్టి పిలుస్తాడు, మైకు తెరుస్తాడు, రెండు మూడు నిమిషాల తర్వాత మూస్తాడు. మిగతావాళ్లంతా ప్రేక్షకులు. పక్కన ఎవరున్నారో, ఎంతమంది ఉన్నారో తెలియదు. ఒక స్పీకరు అడిగినదానికి జవాబు దాటవేస్తే ‘అది చెప్పండి ముందు’ అని వెనక వరసలోంచి అరిచే గొంతు లేదు. టైమ్ అయిపోతే మిగిలిన ప్రశ్నలకు ఈమెయిల్‌లో జవాబిస్తామంటారు. ఆ జవాబు అడిగిన ఒక్కరికే వెళుతుంది. బార్బికన్ కొలబద్ద పెట్టి చూస్తే మనకు చూపు దక్కింది, వినికిడి దక్కింది, మాట మాత్రం సగమే దక్కింది.

పాత హాలు ఏమంత గొప్పదని అడగవచ్చు. అడగాల్సిందే. టిఫిన్ ప్యాకెట్ కోసం, కంపెనీ ఇచ్చే బహుమతి కోసం వచ్చేవాళ్లుండేవారు. ఏటా అదే మనిషి లేచి ఛైర్మన్‌ను పొగిడి కూర్చోవడమూ ఉండేది. తెర మీదా ఆ పొగడ్తలు తగ్గలేదు. హాలును తిరిగి తెమ్మని నేను అనడం లేదు. ఊరు దాటలేని వృద్ధుడికీ, సెలవు దొరకని ఉద్యోగికీ, డల్లాస్‌లో ఉండి ఇక్కడి షేర్లు కొనుక్కున్న తెలుగువాడికీ తెర ఇచ్చినది నిజమైన హక్కు, దాన్ని వెనక్కి తీసుకోకూడదు. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: లక్షల వాటాదారులున్న కంపెనీలో అందరూ మాట్లాడితే సభ వారం పట్టదా, ఓట్లన్నీ ఫండ్ల చేతిలో ఉండగా చిల్లర వాటాదారు ప్రశ్నతో ఒరిగేదేముంది అంటారు. దీనికి జవాబు హైదరాబాద్‌లోనే ఉంది. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు, ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. వాటాదారుల సభ జరగలేదు, ఓటూ జరగలేదు. ఆ రాత్రి కాన్ఫరెన్స్ కాల్‌లో మదుపుదార్లు అందరూ వినేలా నిలదీశారు, న్యూయార్క్‌లో షేరు సగానికి పైగా పడింది, కొన్ని గంటల్లోనే ఒప్పందం రద్దయింది. మూడు వారాలు తిరిగేసరికి లెక్కల మోసం బయటపడింది. నలుగురి మధ్య అడిగిన ప్రశ్నకు ఓటుతో సంబంధం లేని బలం ఉంది. ఆ కాల్ ఫండ్లకూ విశ్లేషకులకూ ఉద్దేశించింది. పది షేర్లవాడికి అలాంటి చోటు ఏడాదికి ఒక్కటే, అది ఏజీఎం.

కాబట్టి అందరూ మాట్లాడడం కాదు, అడిగినది అందరికీ కనబడడం ముఖ్యం. జర్మనీ ఈ దారి ఇప్పటికే నడిచింది. 2020లో కరోనా చట్టం ప్రశ్నలను ముందే పంపమని కంపెనీలు షరతు పెట్టుకునే వీలిచ్చింది, వాటాదారుల సంఘాలు మండిపడ్డాయి. 2022లో ఆన్‌లైన్ సభలను శాశ్వతం చేసినప్పుడు వీడియోలో ప్రత్యక్షంగా మాట్లాడే హక్కును చట్టంలోనే రాశారు. మన దగ్గర అంతకన్నా చిన్న పనులు రెండున్నాయి. మొదటిది, వచ్చిన ప్రతి ప్రశ్ననూ, దాని జవాబునూ, అడగనివ్వని ప్రశ్నలతో సహా, ఇప్పటికే వెబ్‌సైట్‌లో పెడుతున్న రికార్డు పక్కన పెట్టడం. వేలల్లో వస్తాయంటే ఒకే రకంవి కలిపేయవచ్చు. రెండోది ఓటు గడియారం. రిమోట్ ఈ-ఓటింగ్ సభకు ముందురోజు సాయంత్రం ఐదింటికి ముగుస్తుంది, వేసిన ఓటును మార్చుకోవడం కుదరదు. దానివల్ల ఫలితంలో సింహభాగం చర్చకు ముందే పెట్టెలో ఉంటుంది, తీర్పు రాసేసి వాదనలు విన్నట్టు. సభలో వేసే ఓటు అప్పటిదాకా వేయనివాళ్లకే. కాగితం ఓట్ల కాలంలో లెక్కింపు కష్టం గనక గడువు ముందు పెట్టారంటే అర్థముంది. ఓటు వేసిన క్షణానే నమోదయ్యే వ్యవస్థలో ఆ కిటికీని సభ ముగిసిన మర్నాటి దాకా తెరిచి ఉంచి, అప్పటిదాకా ఓటు మార్చుకోనివ్వడానికి సాంకేతికంగా అడ్డేమీ లేదు. ఆ గడువు చట్టంలో లేదు, 2014 నియమాల్లోని 20వ నియమంలో ఉంది. దాన్ని మార్చడానికి పార్లమెంటు దాకా వెళ్లక్కర్లేదు, మంత్రిత్వ శాఖ నోటిఫికేషన్ చాలు.